పోర్షా కరెరా కప్ గ్రేట్ బ్రిటన్: అందరిదీ ఒకే కారు కదా, తేడా ఎక్కడ తేలుతోంది?

టర్బోలాగ్:
బీటీసీసీ (బ్రిటిష్ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్) కోసం ఐటీవీ4 ఛానెల్ పెడితే మధ్యలో కరెరా కప్ రేసులు కూడా వస్తుంటాయి. ఇప్పుడు 2022 సీజన్‌ను వరసగా చూస్తున్నా. అందరిదీ 911 జీటీ3 కప్పే. ఇంజిన్‌కి సీలు, అందరికీ మిషెలిన్ టైర్లే. అలాంటప్పుడు గెలుపు చేతులు మారుతూ ఉండాలి కదా? ముందు వరసల్లో మాత్రం ఎప్పుడు చూసినా అవే పేర్లు. డబ్బున్న టీమ్‌కి అదనంగా దొరికేది ఏమిటి? సెటప్‌లో (రేసుకి ముందు కారుకి చేసే సర్దుబాట్లలో) నిజంగా ముట్టుకోనిచ్చేవి ఏవి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. "అంతా డ్రైవర్ టాలెంట్" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు ప్లీజ్.

ఫ్లాట్‌సిక్స్:
ముందు ఒక సంగతి. గ్రిడ్‌లో (స్టార్ట్ వరసల్లో) ఉన్నవాళ్ళంతా ఒకే స్థాయివాళ్ళు కాదు. ప్రో (ప్రొఫెషనల్స్), ప్రో-ఆమ్ (మధ్యస్థాయి), ఆమ్ (అమెచ్యూర్లు) లాంటి క్లాసులన్నీ కలిసే పరిగెడతాయి. సొంత వ్యాపారం చూసుకుంటూ వారాంతాల్లో నడిపేవాళ్ళు, కెరీర్ కోసం వచ్చిన కుర్రాళ్ళు ఒకే రేసులో ఉంటారు. పైగా పోర్షా జీబీ జూనియర్ ప్రోగ్రామ్ ఒకటుంది. ఎంపికైన డ్రైవర్‌కి రెండేళ్ళు అండగా ఉంటుంది. 2019 ఛాంపియన్ డాన్ హార్పర్, 2020 ఛాంపియన్ హ్యారీ కింగ్ ఇద్దరూ ఆ దారినే వచ్చారు. కింగ్‌కి అది మొదటి సీజనే. కాబట్టి "అవే పేర్లు" కనిపించడంలో వింతేమీ లేదు.

ఇక సెటప్. ఇంజిన్, గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) జోలికి వెళ్ళడానికి లేదు. డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) అడ్జస్ట్ చేసే రకం కావు. మార్చగలిగేవి టైర్ ప్రెషర్, క్యాంబర్ (చక్రం నిలువులో వంపు), టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), రైడ్ హైట్ (నేలనుంచి కారు ఎత్తు), ముందు వెనక యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించేవి), బ్రేక్ బయాస్ (ముందు, వెనక బ్రేకుల మధ్య బలం పంపకం), వెనక రెక్క కోణం. ఇన్నేనా అనిపిస్తుంది గానీ, బ్రాండ్స్ హ్యాచ్ ఇండీ లాంటి సర్క్యూట్‌లో ల్యాప్ 46 సెకన్ల అటూ ఇటూ. అక్కడ సెకనులో పదో వంతు పోగొట్టుకుంటే రెండు మూడు వరసలు వెనక్కి పోయినట్టే. అన్ని కార్ల వేగమూ ఒకటే గనక రేసులో ఆ స్థానాలు తిరిగి రాబట్టుకోవడం కష్టం. రేసు అరగంట లోపే, పిట్ స్టాపులు లేవు. సగం రేసు శనివారం క్వాలిఫైయింగ్‌లోనే (స్టార్ట్ స్థానాలు తేల్చే సెషన్‌లోనే) అయిపోతుందని నా లెక్క.

అన్నిట్లోకీ పెద్దది టైర్ ప్రెషర్. టైర్ వార్మర్లు (టైర్లని ముందే వేడిచేసే దుప్పట్లు) ఉండవు, చల్లటి స్లిక్స్‌తోనే (గాళ్ళు లేని నున్నటి రేసు టైర్లతోనే) బయటికి వెళ్ళాలి. ఉదాహరణకి వేడెక్కాక 2 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) కావాలనుకుందాం. టైరు 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 1.5 బార్ పెడితే, లోపలి గాలి 70 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు 2 బార్ అవుతుంది. అంటే ప్రతి 10 డిగ్రీలకీ సుమారు 0.09 బార్.

తప్పు జరిగేది ఎక్కడంటే, పొద్దున సెట్ చేసిన టైర్లని టెంట్ బయట ఎండలో వదిలేస్తారు. టైరు 35 డిగ్రీలకి చేరుతుంది. గేజ్ పెట్టి "అరె, పెరిగిపోయింది" అని మళ్ళీ 1.5కి దించేస్తారు. అదే టైరు 70 డిగ్రీల దగ్గర 1.8 కూడా దాటదు. దాంతో సైడ్‌వాల్ మెత్తబడి, స్టీరింగ్‌కి కారు ఆలస్యంగా స్పందిస్తుంది, టైరు అంచులు ముందు అరుగుతాయి. ఎక్కువ పెడితే దీనికి ఉల్టా. మొదటి రెండు ల్యాపులు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత మధ్య భాగం వేడెక్కిపోయి చివరి ఐదు ల్యాపులు కారు జారుతూనే ఉంటుంది. మంచి టీమ్‌లో ప్రెషర్ పక్కన టైరు ఉష్ణోగ్రత కూడా రాస్తారు. అది లేకుండా ప్రెషర్ ఒక్కటే రాసిన చీటీ ఎందుకూ పనికిరాదు.

కెర్బ్_రాజా:
ఫ్లాట్‌సిక్స్ గారు చెప్పిందానికి బ్రేకులు కలుపుతున్నా. 2022 సీజన్ రేసుల్లో ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం లాక్ అవ్వకుండా చూసేది) లేదు, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి తిరగకుండా చూసేది) లేదు. ఇంజిన్ వెనక యాక్సిల్‌కి కూడా వెనకాల ఉంటుంది, ముందు భాగం తేలిక. అందుకే మొదటి రెండు ల్యాపుల్లో వెనక టైర్లు తొందరగా వేడెక్కుతాయి, ముందువి ఇంకా చల్లగానే ఉంటాయి. అప్పుడు మామూలు ల్యాప్‌లో తొక్కినట్టే బ్రేక్ తొక్కితే ముందు చక్రం లాక్ అయి టైరు మీద ఒకచోట నున్నగా అరిగిపోతుంది. ఇక ఆ ఫ్లాట్ స్పాట్ చక్రం తిరిగినంతసేపూ స్టీరింగ్‌ని గడగడలాడిస్తుంది. మళ్ళీ బ్రేక్ వేసినప్పుడు టైరు సరిగ్గా అక్కడే లాక్ అవ్వాలని చూస్తుంది. వారాంతానికి వాడగలిగే కొత్త టైర్లకి పరిమితి ఉంది, రేసులేమో రెండు. మొదటి రేసులో చేసిన పొరపాటుకి రెండో రేసులోనూ కప్పం కట్టాలి.

భయపడి బయాస్ మరీ వెనక్కి తిప్పుకుంటే మలుపులోకి దిగేటప్పుడు వెనక భాగం ముందుకొచ్చేస్తుంది, అది ఇంకా ప్రమాదం. మొదట కాస్త వెనక్కి ఉంచుకుని, ముందు టైర్లు వేడెక్కాక ఒక్కో క్లిక్ ముందుకి తెచ్చుకోవడం సురక్షితం. బ్రేక్‌ని ఒక్కసారిగా వదలకుండా మలుపు మధ్యదాకా కొద్దికొద్దిగా వదులుతూ పోవాలి. లేకపోతే ముక్కు మీద బరువు పోయి కారు తిన్నగా బయటికి వెళ్తుంది. కొత్తవాళ్ళకీ ఛాంపియన్‌కీ మధ్య డేటా గ్రాఫ్‌లో బాగా కనబడే తేడా ఈ బ్రేక్ వదిలే గీతే.

డబ్బు సంగతి అడిగారు కదా. డబ్బుతో హార్స్‌పవర్ రాదు, టెస్టింగ్ రోజులూ డేటా చదివే ఇంజినీరూ వస్తారు. ఒకే టీమ్‌లో మూడు కార్లుంటే ఒకరి బ్రేకింగ్ గీత మీద ఇంకొకరిది పెట్టి చూసుకోవచ్చు. ఒక్క కారుతో వచ్చేవాళ్ళకి ఆ భాగ్యం లేదు. రెండోది స్పేర్ పార్ట్స్. రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి. ముందు కారుకి చిన్నగా తగిలినా, గడ్డిలోకి వెళ్ళొచ్చినా వాటి దారి మూసుకుపోయి టెంపరేచర్ పెరుగుతుంది. వెనకనుంచి చక్రానికి దెబ్బ తగిలితే టో లింక్ (చక్రం కోణాన్ని పట్టి ఉంచే కడ్డీ) వంగుతుంది. స్టీరింగ్ వంకరగా పట్టుకుని తిన్నగా వెళ్తున్న కారు కనబడితే అదే కారణం అనుకోవచ్చు. రెండు రేసుల మధ్య లింక్ మార్చి అలైన్‌మెంట్ మళ్ళీ పెట్టడం చకచకా చేసేసే మెకానిక్‌లు ఉన్న టీమ్ ఆ రోజు పాయింట్లు తెచ్చుకుంటుంది.

టర్బోలాగ్:
అబ్బ, ఎండలో టైర్ల విషయం అసలు ఊహించలేదు. థాంక్స్ ఇద్దరికీ. ఇంకొక్కటి. 2022లో కొత్త కారు వచ్చిందట, దానివల్ల ఏం మారింది? మేముండేది కోవెంట్రీలో, ఒక రౌండ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడ నిలబడితే మీరు చెప్పినవి కంటికి కనబడతాయి?

సెక్టర్3:
ఆ కొత్త కారు 911 జీటీ3 కప్‌లో 992 తరం. 2021లో సూపర్‌కప్‌లో (ఎఫ్1 రేసులతో పాటు జరిగే పోర్షా సిరీస్) దిగింది, బ్రిటన్‌కి 2022లో వచ్చింది. 4 లీటర్ల ఫ్లాట్ సిక్స్, టర్బో లేదు, 8,400 ఆర్‌పీఎం దగ్గర 510 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే). అంతకుముందు 991 రెండో తరం కారుది 485. బరువు మాత్రం 1,260 కిలోలకి పెరిగింది. నా దృష్టిలో పవర్ కన్నా పెద్ద మార్పు ముందు సస్పెన్షన్. 911 ఆర్‌ఎస్‌ఆర్ (పోర్షా జీటీ రేసు కారు) తరహాలో డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే అమరిక) పెట్టారు. కారు బ్రేక్ మీద ఉన్నప్పుడు కూడా ముందు టైరు నేలకి సరిగ్గా ఆనుతుంది. దాంతో పాత కారులో అలవాటైన బ్రేకింగ్ పాయింట్లు, పాత సెటప్ నోట్‌బుక్కులు పనికిరాకుండా పోయాయి. కొత్త కారు మొదటి ఏడాది పాత టీమ్‌ల అనుభవం విలువ తగ్గుతుందంటారే, అందుకే. ఆ ఏడాది టైటిల్ కీర్న్ జూయిస్ గెలిచాడు. అంతకుముందు ఏడాది పాత కారు మీద డాన్ క్యామిష్‌ది. 2015, 2016 తర్వాత అతనికది మూడోది.

ఫ్లాట్‌సిక్స్ గారితో ఒక్కచోట ఏకీభవించను. క్వాలిఫైయింగ్ సగం రేసు అన్నారు. స్టార్ట్‌నీ మొదటి ల్యాప్‌నీ దానికి సమానంగా లెక్కేయాలి. స్టాండింగ్ స్టార్ట్ (ఆగి ఉన్న చోటినుంచే మొదలు), క్లచ్ పెడల్ అక్కడే పని చేస్తుంది, తర్వాత అంతా ప్యాడిల్ షిఫ్టే. బరువంతా వెనక చక్రాల మీద ఉన్న కారు బాగా పట్టుకుని లేస్తుంది. అయితే క్లచ్‌ని ఎక్కువసేపు జార్చితే కాలిపోతుంది, టక్కున వదిలితే ఇంజిన్ కూలబడుతుంది.

కోవెంట్రీ నుంచి డానింగ్టన్, సిల్వర్‌స్టోన్ రెండూ దగ్గరే. డానింగ్టన్ అయితే క్రేనర్ కర్వ్స్ పక్కన నిలబడండి. దిగుడులో పూర్తి వేగంతో ఓల్డ్ హెయిర్‌పిన్‌లోకి వచ్చేటప్పుడు వెనక భాగం ఎవరిది కదులుతోందో తెలిసిపోతుంది. సిల్వర్‌స్టోన్ నేషనల్ (చిన్న లేఅవుట్)లో బ్రూక్‌లాండ్స్ మలుపు దగ్గర. వెల్లింగ్టన్ స్ట్రెయిట్‌లో స్లిప్‌స్ట్రీమ్ (ముందు కారు వెనక గాలి అడ్డు తక్కువుండే చోటు) పట్టుకుని వచ్చి అక్కడే దాటడానికి చూస్తారు, లాకప్ (చక్రం లాక్ అవ్వడం) పొగ కూడా అక్కడే లేస్తుంది. దూరమైనా ఫర్వాలేదంటే థ్రక్స్‌టన్. బ్రిటన్‌లో అత్యంత వేగమైన సర్క్యూట్ అది. పొడవాటి కుడి మలుపుల వల్ల ఎడమ టైర్లు నలిగిపోతాయి. ప్రెషర్ లెక్క తప్పినవాళ్ళు రేసు చివర్లో ఎలా కరిగిపోతారో అక్కడ స్పష్టంగా చూడొచ్చు.

బీటీసీసీ వారాంతాల్లో ప్యాడక్‌లోకి (టీమ్‌ల టెంట్లు ఉండే చోటికి) వెళ్ళి తిరగొచ్చు. క్వాలిఫైయింగ్ అవ్వగానే టెంట్ల దగ్గరికి వెళ్ళి విప్పిన ముందు టైర్లు చూడండి. లోపలి, బయటి అంచుల అరుగుదల పోల్చితే ఎవరు ఎంత క్యాంబర్ పెట్టారో కొంత అంచనాకి వస్తుంది. ఫోన్‌లో లైవ్ టైమింగ్ పెట్టుకుని మొత్తం ల్యాప్ టైమ్ కాకుండా సెక్టర్లు (ల్యాప్‌ని విడగొట్టిన మూడు భాగాలు) గమనించండి. ఒకే కారుకి మూడో సెక్టర్ మాత్రమే ల్యాపుల వారీగా నెమ్మదిస్తుంటే టైరు వేడెక్కుతోందని అనుమానించండి, అన్ని సెక్టర్లూ ఒకేసారి నెమ్మదిస్తే కారుకి ఏదో తగిలినట్టు. కామెంటరీలో టిమ్ హార్వే ఉంటే వినండి. 1992 బీటీసీసీ ఛాంపియన్, ఇదే కప్‌ని 2008లోనూ 2010లోనూ గెలిచినవాడు కాబట్టి లాకప్ ఎందుకు జరిగిందో రీప్లే రాకముందే చెప్పేస్తాడు.

కెర్బ్_రాజా:
చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్ళండి, పిల్లలుంటే మరీ ముఖ్యం. 8,000 పైన ఆ ఫ్లాట్ సిక్స్ అరుపు టీవీలో వినబడేదానికి అస్సలు పోలిక లేదు.