సగం ట్యాగులు చదవట్లేదు, బ్యాటరీ అయిపోయిందా?

టెంట్‌హౌస్ కుర్రాడు: పొద్దుట్నుంచి తల పట్టుకుని కూర్చున్నా. మా సామాను లెక్క కోసం ఆర్‌ఎఫ్‌ఐడీ స్టిక్కర్లు (రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే ట్యాగులు), చేత్తో పట్టుకునే రీడరు కొన్నాం. సగం ట్యాగులు పది అడుగుల నుంచే బీప్ అంటున్నాయి, మిగతావి రీడర్ ఆనించినా ఉలుకూ పలుకూ లేవు. బ్యాటరీ అయిపోయిన సరుకు అంటగట్టారా? ఎల్లుండి పెళ్లి సామాను వెళ్లాలి.

గోదారిగట్టు: వాటిలో బ్యాటరీ ఉండదు.

సర్క్యూట్ మాస్టారు: ఇదే ఎవరికీ అర్థం కాదు! రీడర్ పంపే తరంగంలోంచే చిప్ కరెంటు లాక్కుంటుంది, దానికి మైక్రోవాట్లు చాలు. జవాబుగా సొంతంగా ఏమీ ప్రసారం చెయ్యదు. వచ్చిన తరంగాన్నే కాస్త ఎక్కువా తక్కువా తిప్పికొడుతుంది, ఎండలో అద్దం ముక్క ఆడిస్తూ ఎదురింటి గోడ మీద వెలుగు పడేసినట్టు. అందుకే చవక, ఏళ్లతరబడి ఉంటుంది. బ్యాటరీ ట్యాగైతే చాలా దూరం పలుకుతుంది గానీ, ఖరీదు ఎక్కువ, బ్యాటరీ మార్చే గొడవ.

స్కాన్‌రాజా: ఫోన్‌తో చదవండి బ్రో, ఎన్‌ఎఫ్‌సీ ఉంటుందిగా.

సర్క్యూట్ మాస్టారు: ఫోన్‌ని దగ్గర పెట్టి చదివే ఎన్‌ఎఫ్‌సీది 13.56 మెగాహెర్ట్జ్ తరంగం, నాలుగు వేళ్ల దూరం. పది అడుగులంటే యూహెచ్‌ఎఫ్, అంటే ఇంకా చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ, మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్. ఫాస్టాగ్‌దీ అదే.

స్కాన్‌రాజా: రెండూ ఆర్‌ఎఫ్‌ఐడీయే కదండీ.

సర్క్యూట్ మాస్టారు: మామిడీ జీడీ ఒకే కుటుంబం. జీడిపిక్కలతో ఆవకాయ పెడతారా?

గోదారిగట్టు: దేనికి అంటించారు?

టెంట్‌హౌస్ కుర్రాడు: కుర్చీలకి, గుండిగలకి, గంగాళాలకి. అరె, చదవనివన్నీ గిన్నెలే!

గోదారిగట్టు: లోహం. అంతే.

సర్క్యూట్ మాస్టారు: అంతే కాదు. లోహానికి ఆనుకున్నచోట, వెనక్కి తిరిగిన తరంగం వచ్చేదాన్ని కొట్టేస్తుంది. పైగా యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. లోహం కోసం వేరే ట్యాగులున్నాయి, మందంగా ఉంటాయి, ధర ఎక్కువ. ప్రస్తుతానికి మధ్యలో అరంగుళం థర్మాకోల్ ముక్క పెట్టండి. గిన్నెలో గిన్నె పేరిస్తే మాత్రం లోపలిది దొరకడం కష్టం.

వంటల పిన్నిగారు: నాయనా, గాడిపొయ్యి మీద ఆ కాగితమూ థర్మాకోలూ ఎంతసేపుంటాయి? మా అత్తగారు గిన్నెలకి పేరు కొట్టించి 40 ఏళ్లు. ఇప్పటికీ చదవొచ్చు, రీడరక్కర్లేదు.

టెంట్‌హౌస్ కుర్రాడు: థర్మాకోల్ పెడితే నాలుగడుగుల నుంచి బీప్ అంది. కానీ పిన్నిగారు చెప్పింది నిజమే, పొయ్యి సంగతి తట్టనేలేదు. స్టిక్కర్లు కుర్చీలకే, గుండిగలకి పేరు కొట్టిస్తా. థాంక్సండి.

స్కాన్‌రాజా: ఇంతకీ ఫోన్‌తో ట్రై చేశారా?