రెజాంగ్ లా పోరు: చైనా మృతుల సంఖ్యను వ్యాసంలో ఎలా రాయాలి?

కుమావోన్ రెజిమెంట్ గురించిన వికీ వ్యాసాన్ని మూడు వారాలుగా సరిదిద్దుతున్నాను. నిజాం కాలపు సేన అయిన హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన చరిత్ర, 1945లో పేరు మార్పు వగైరాలతో ఇబ్బంది రాలేదు. భారత్-చైనా యుద్ధంలో 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర జరిగిన పోరు దగ్గరే చిక్కుకుపోయాను.

ఆ రెజిమెంట్‌లోని 13 కుమావోన్ బెటాలియన్ చార్లీ కంపెనీలో 114 మంది చనిపోయారు. మేజర్ షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. వీటిమీద పేచీ లేదు. "వెయ్యి మందికి పైగా శత్రువులను మట్టుబెట్టారు" అన్న వాక్యం మీదే గొడవంతా. చైనా సైన్యం అధికారిక చరిత్ర మొత్తం యుద్ధానికే తమవాళ్లు 722 మంది పోయారంటుంది. అందుకని "భారత కథనాల ప్రకారం" అని చేర్చి, పక్కనే చైనా లెక్క కూడా మూలంతో సహా ఇచ్చాను. ఇరవై నిమిషాల్లో ఒకరు వెనక్కి తిప్పేశారు. దిద్దుబాటు సారాంశంలో "జవాన్లను అవమానించకండి" అని రాశారు.

చర్చా పేజీలో రాసి తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. వ్యాసం తటస్థంగా లేదని హెచ్చరించే తటస్థత మూస పెడితే తీసేశారు. వికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో అడిగితే "ఇద్దరూ మాట్లాడుకోండి" అన్నారు. రెండుసార్లు తిరగవేశాక నేనే ఆగాను, మూడోది చేస్తే దిద్దుబాటు యుద్ధమే అవుతుంది.

అంతమంది ప్రాణాలిచ్చిన చోట అంకెలు పెంచి చెప్పనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

రెండు దేశాల లెక్కలు ఇంత తేడాగా ఉన్నప్పుడు, ఇరుపక్షాలూ ఒప్పుకునేలా ఆ వాక్యాన్ని మీరైతే ఎలా రాస్తారు?