చిలకరింపు బాప్తిస్మం ఉన్నా ముంచుడు బాప్తిస్మం తప్పదా?

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో నాకు మూడు నెలల వయసులో చిలకరింపు (తలమీద నీళ్లు చల్లి ఇచ్చే) బాప్తిస్మం, 16వ ఏట కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక సంఘం ముందు తన విశ్వాసాన్ని తానే ఒప్పుకోవడం) అయ్యాయి. రెండు సర్టిఫికెట్లూ ఉన్నాయి. ఇప్పుడు ఊరు మారి ఒక బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం అడిగితే, ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం)లో పాలు అన్నారు. ఎఫెసీ 4:5లో ‘బాప్తిస్మమొక్కటే’ అని ఉంది కదా అన్నాను. వాళ్లు అపొస్తలుల కార్యములు 19:1-5 తీశారు. అందులో కొందరు శిష్యులు రెండోసారి బాప్తిస్మం పొందారు. కానీ వాళ్లు మొదట పొందింది యోహాను బాప్తిస్మం, నాది త్రిత్వ (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ) నామంలో ఇచ్చింది. పోలిక ఎలా కుదురుతుంది? అసలు వాళ్ల లెక్కలో పసిబిడ్డకిచ్చింది బాప్తిస్మమే కాదు, కాబట్టి ‘మళ్లీ’ అనే మాటే రాదు. చిక్కంతా అక్కడే. పాత పాస్టరు గారేమో, ముంచుడు తీసుకుంటే మొదటిదాన్ని కాదన్నట్టే అంటున్నారు.

కన్ఫర్మేషన్‌లో చేసిన విశ్వాసపు ఒప్పుకోలునే లెక్కలోకి తీసుకుని, నీళ్లలో ముంచకుండా సభ్యత్వం ఇచ్చిన తెలుగు బాప్టిస్టు సంఘం మీకు ఎక్కడైనా తెలుసా?