పెద్దయ్యాక వంట నేర్చుకోవడం: అన్నం చిమిడిపోతోంది, శనగలు ఉడకవు, కూర నీళ్లూరుతోంది

కొత్తగరిటె (ప్రశ్న):

రోజూ రాత్రి నలుగురికి వండాలి. వంట పూర్తిగా కొత్త. విందు వంటలేమీ అక్కర్లేదు. అన్నం, ఒక పప్పు, ఒక కూర, గుడ్లు, అప్పుడప్పుడు చికెన్ వస్తే చాలు. ఎదురవుతున్న చిక్కులివి:

ఒక గ్లాసు బియ్యానికి ఒకటిముప్పావు గ్లాసుల నీళ్లు పోస్తే బాగానే ఉడుకుతుంది. అదే లెక్కన మూడు గ్లాసులు పెడితే పైన చిమిడిపోయి అడుగు మాడుతోంది. శనగలు, రాజ్మా ఎంతసేపు పెట్టినా ఒక్కోసారి గట్టిగానే ఉంటున్నాయి. కూరగాయలు వేయించబోతే నీళ్లూరి ఉడికిపోతున్నాయి, అందులోనూ సగం ముద్ద, సగం పచ్చి. ఉల్లిపాయలు 5 నిమిషాల్లో ఎర్రబడతాయని రాస్తారు, పావుగంటకీ తెల్లగానే ఉంటాయి. ఇంత చేసి రెండు గంటలు పడుతోంది.

గ్యాస్ పొయ్యి, ప్రెషర్ కుక్కర్, స్టీలు మూకుడు, నాన్‌స్టిక్ పెనం ఉన్నాయి. "తగినంత", "కొంచెం" అనకుండా కొలతల్లో చెప్పగలరా?

ఎసరు:

అన్నం సంగతి నేను చెబుతాను. ఒకటికి ఒకటిముప్పావు అన్న లెక్కను మూడుతో హెచ్చవేయడమే ఇక్కడ తప్పు.

గిన్నెలో పోసిన నీళ్లు రెండు దారుల్లో పోతాయి. కొంత బియ్యం పీల్చుకుంటుంది, కొంత ఆవిరవుతుంది. మామూలు తెల్ల బియ్యం పీల్చుకునేది దాదాపు తన కొలతంతే, గ్లాసుకు గ్లాసు. ఆవిరయ్యేది బియ్యం ఎంత అన్నదాన్ని బట్టి ఉండదు. గిన్నె ఎంత వెడల్పు, మూత ఎంత బిగువు, పొయ్యి మీద ఎంతసేపు ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది. అదే గిన్నెలో మూడు గ్లాసులు వండినా ఆవిరికి పోయేది ఇంచుమించు ఆ ముప్పావు గ్లాసే. కాబట్టి మూడు గ్లాసుల బియ్యానికి మూడుముప్పావు నుంచి నాలుగుంపావు గ్లాసుల నీళ్లు. మీరు పోస్తున్నది ఐదుంపావు. అదనంగా పడ్డ గ్లాసుకు పైగా నీళ్లే పై అన్నాన్ని చిమిడిస్తున్నాయి. అవి ఇంకేదాకా ఆగేసరికి అడుగు మాడుతోంది.

చేసే పద్ధతి: బియ్యం మూడుసార్లు కడిగి 20 నిమిషాలు నాననివ్వండి. నానిన నీళ్లు పూర్తిగా ఒంపేయండి. చాలామంది ఇక్కడే కొలత చెడగొట్టుకుంటారు, గిన్నెలో మిగిలిపోయిన అరగ్లాసు లెక్కలోకి రాదు. తర్వాత కొలిచిన నీళ్లు పోసి పెద్ద మంట మీద తెర్లనిచ్చి, ఒక్కసారి అడుగు నుంచి కలిపి, మూత పెట్టి, మంట పూర్తిగా తగ్గించండి. 12 నుంచి 15 నిమిషాలు. ఆపాక ఇంకో 10 నిమిషాలు మూత ముట్టుకోవద్దు. పైపొర కుదురుగా ఉడికేది ఆ పదినిమిషాల్లోనే. మధ్యలో గరిటె పెడితే మెతుకులు విరిగి గంజి వదిలి జిగురవుతుంది.

పలుకుగా ఉంటే రెండు మూడు పెద్ద చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నమంట మీద 5 నిమిషాలు ఉంచండి. తడిగా ఉంటే మూత తీసి అంతే మంట మీద మూడు నిమిషాలు. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి, పాతవాటికి ఎక్కువ. బస్తా మారినప్పుడల్లా మొదటిసారి పావు గ్లాసు తగ్గించి మొదలుపెట్టండి. తక్కువైతే పోయొచ్చు, ఎక్కువైతే తీయలేం.

ఈ లెక్కలేవీ వద్దనుకుంటే బియ్యానికి ఆరింతల నీళ్లలో ఉడికించి వార్చేయండి. 10వ నిమిషం నుంచి మెతుకు నొక్కి చూస్తుండాలి, అంతే.

నానినగింజ:

శనగలు, రాజ్మా ఉడక్కపోవడానికి కారణాలు మూడే: పులుపు, కఠినజలం, పాత గింజ.

టమాటా, నిమ్మ, చింతపండు ఏదైనా సరే, గింజ వేళ్ల మధ్య నలిగాకే వేయాలి. పులుపు ముందే పడితే గింజ గోడలు మెత్తబడవు. నీళ్లలో కాల్షియం ఎక్కువున్నా ఇదే జరుగుతుంది. అలాంటిచోట 250 గ్రాముల గింజలకు పావు టీస్పూను వంటసోడా చాలు, అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. ఇవేవీ కాకపోతే గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉన్నదై ఉంటుంది, దాన్ని నమ్ముకుని రాత్రి భోజనం పెట్టుకోవద్దు.

ఉప్పు వేస్తే ఉడకవన్న మాట మాత్రం పట్టించుకోకండి. నానబెట్టే లీటరు నీళ్లలో 15 గ్రాముల ఉప్పు కలిపితే తొక్క ఇంకా మెత్తగా వస్తుంది. 8 నుంచి 12 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కడిగి వండండి.

కుక్కర్లో విజిళ్లు లెక్కపెట్టడం మానేయండి. మంట పెద్దదైతే ఐదు విజిళ్లు ఐదు నిమిషాల్లో వస్తాయి, చిన్నదైతే పావుగంటకు పైనే పడుతుంది. ఉడికించేది విజిల్ కాదు, పీడనం కింద గడిచిన సమయం. మామూలు కుక్కర్ పూర్తి పీడనంలో లోపలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూడండి. నానిన శనగలకు 15 నిమిషాలు, నానిన రాజ్మాకు 12. తర్వాత పీడనం దానంతట అదే దిగనివ్వండి. బరువు ఎత్తి ఆవిరి వదిలేస్తే లోపలి నీళ్లు ఒక్కసారిగా మరిగి తొక్కలు చిట్లుతాయి, నురుగు పైకి తన్నుతుంది. పప్పులు, గింజలు నీళ్లతో కలిపి కుక్కర్లో సగం దాటకూడదు. నురుగు ఆవిరిదారిని మూసేస్తుంది. ఒక చెంచా నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

ఎర్రపప్పులాంటి పొట్టు తీసిన బద్దలకు కుక్కరే అక్కర్లేదు. కప్పుకు మూడు కప్పుల నీళ్లు, మూత ఓరగా, 20 నిమిషాలు.

రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త. పచ్చి గింజలో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ సరిగా ఉడక్కపోతే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు తెస్తుంది. కుక్కర్లో పైన చెప్పినంతసేపు ఉంచితే భయం లేదు. మామూలు గిన్నెలో అయితే ముందు కనీసం 10 నిమిషాలు, వీలైతే అరగంట కుతకుతా మరిగించాకే మంట తగ్గించాలి. మొదటి నుంచీ సన్నసెగ మీద నెమ్మదిగా ఉడికించడం అన్నిటికంటే ప్రమాదం.

మూకుడు_మంట:

కూర నీళ్లూరడం, ఉల్లి ఎర్రబడకపోవడం రెండూ ఒకే జబ్బు. మూకుడులో నీళ్లున్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడటం చురుగ్గా మొదలయ్యేది 140 డిగ్రీల దగ్గర. అంటే తడి పోయేదాకా మీరు వేయిస్తున్నామనుకుంటూ ఉడికిస్తున్నారన్నమాట.

28 సెంటీమీటర్ల మూకుడులో ఒక విడతకు 400 గ్రాముల కూరముక్కలు మించొద్దు. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కిందివాటి ఆవిరి పైవాటిలో ఇరుక్కుంటుంది. నలుగురికి 700 గ్రాములు కావాలంటే రెండు విడతలుగా వేయించి చివర్లో కలపండి. కడిగిన ముక్కల్ని గుడ్డతో అద్దండి. వేశాక రెండు నిమిషాలు కదపొద్దు. మాటిమాటికీ తిప్పితే ఏ వైపూ కాలదు.

సగం ముద్ద, సగం పచ్చి అన్నది కత్తిపీట దగ్గర వచ్చే తప్పు. ముక్కలు ఒకే సైజులో ఉండాలి, ఆలస్యంగా ఉడికేవి ముందు పడాలి. రెండు సెంటీమీటర్ల బంగాళాదుంప ముక్కలకు 15 నిమిషాలు కావాలి, సెంటీమీటరు క్యారెట్‌కు 8 నుంచి 10, ఆకుకూరకు రెండే. దుంపలు ముందు వేసి, ఐదారు నిమిషాలయ్యాక క్యారెట్, దించబోయే ముందు ఆకు. దుంపల్ని నీళ్లలో ఉడికించేటప్పుడు చన్నీళ్లతోనే మొదలుపెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే లోపల ఉడికేలోపు అంచులు చెదురుతాయి. ఆకుపచ్చ కూరగాయలకు దీనికి సరిగ్గా తిరగేసి: మరిగే నీళ్లు, మూత లేకుండా.

ఉల్లి విషయంలో రెసిపీలు రాసే సమయం నమ్మకండి. రెండు మధ్యరకం పాయలు, సుమారు 300 గ్రాములు, రెండు పెద్ద చెంచాల నూనెలో మధ్యస్థ మంట మీద: తెల్లదనం పోయి మెరవడానికి 4 నిమిషాలు, లేత బంగారు రంగుకు 10, ముదురు గోధుమ రంగుకు 20 నుంచి 25. చాలా కూరలకు 10 నిమిషాల రంగు చాలు. మొదట్లోనే చిటికెడు ఉప్పు వేస్తే నీరు వదిలి త్వరగా మెత్తబడతాయి, రంగు మాత్రం ఆ నీరు ఇగిరాకే. వెల్లుల్లి ఉల్లితో పాటు వేయొద్దు. సన్నగా తరిగింది అర నిమిషంలో వేగుతుంది, నిమిషం దాటితే మాడి చేదెక్కుతుంది. పొడుల సంగతీ అంతే. మంట తగ్గించి, అర నిమిషం తిప్పి, వెంటనే టమాటానో నీళ్లో పోసేయాలి.

స్టీలు మూకుడు అంటుకుంటోందంటే అది చల్లగా ఉండగా పదార్థం పడిందని అర్థం. ఖాళీ మూకుడు మధ్యస్థ మంట మీద రెండు నిమిషాలు, తర్వాత నూనె, అది నీళ్లలా పల్చగా పారినప్పుడు ముక్కలు. నాన్‌స్టిక్‌కు ఈ పద్ధతి పనికిరాదు, ఖాళీగా పెద్ద మంట మీద పెడితే పూత పాడవుతుంది. దాన్ని గుడ్లకు ఉంచుకోండి. నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయకండి. పొయ్యి ఆపి మూత వేయండి, చల్లారేదాకా తీయకండి.

కొత్తగరిటె:

మూడు గ్లాసుల లెక్క ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు ప్రశ్నలు. ఉప్పు ఎంత? ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందా? చికెన్ ఉడికిందని ఎలా తెలుస్తుంది?

రుచిచూసి:

కూర మొత్తం బరువులో ఒక శాతం దగ్గర మొదలుపెట్టండి. కిలో కూరకు 8 నుంచి 10 గ్రాములు. సన్న ఉప్పు సమం చేసిన టీస్పూనుకు దాదాపు 6 గ్రాములు, కల్లుప్పు అదే చెంచాకు తక్కువ తూగుతుంది. ఒక డబ్బాకు అలవాటుపడ్డ చేయి ఇంకో డబ్బాతో తప్పడానికి కారణం ఇదే. మూడొంతుల్లో రెండొంతులు మొదట్లో వేసి, మిగతాది దించే ముందు రుచి చూసి వేయండి. నీరు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కాబట్టి పులుసు పల్చగా ఉన్నప్పుడు సరిపోయిందంటే చిక్కబడ్డాక ఎక్కువైనట్టే.

దుంప ఉప్పును ఏరి లాగదు. ఉప్పునీళ్లు పీలుస్తుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. దుంపను కూరలోనే ఉంచి తింటే పదార్థం పెరిగింది కనుక కాస్త నయం, అంతకు మించి మహిమ లేదు. ఎక్కువైన ఉప్పుకు మందు ఉప్పులేని పదార్థం కలపడమే: నీళ్లు, ఉడికిన పప్పు, ఇంకొన్ని కూరముక్కలు. నాలుగు చుక్కల నిమ్మరసం కొంతవరకు కప్పిపుచ్చుతుంది.

చప్పగా అనిపించిన ప్రతిసారీ ఉప్పే తక్కువనుకోకండి. ఒక చెంచా కూర పక్కకు తీసి, అందులో ఒక చుక్క పులుపు వేసి చూడండి. చాలాసార్లు లోటు అక్కడే ఉంటుంది.

మాడిన కూరను గరిటెతో గోకొద్దు. పైభాగాన్ని కదపకుండా వేరే గిన్నెలోకి ఒంపేస్తే చాలావరకు దక్కుతుంది.

సమయపాలన:

చికెన్‌కు రంగు చూసి నమ్మకండి. ముక్క మధ్యలో 74 డిగ్రీలు చేరాలి, గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. అది లేకపోతే ఎముక దగ్గర లోతుగా కోసి చూడండి, రసం తేటగా రావాలి, కండ జిగటగా మెరవకూడదు. రొమ్ముకండ ముక్కలు రెండున్నర సెంటీమీటర్లవి పులుసులో 10 నుంచి 12 నిమిషాలు, అంతకు మించితే పీచవుతుంది. ఎముకతో ఉన్న తొడముక్కలకు 30 నుంచి 35. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడగొద్దు. క్రిములు పోవు, తుంపర్లతో సింకంతా పాకుతాయి. వండితేనే చస్తాయి. దానికి వాడిన పలక, కత్తి సబ్బుతో కడిగాకే కూరగాయల జోలికి వెళ్లండి.

గుడ్లు మరిగే నీళ్లలో వేసిన దగ్గర్నుంచి 7 నిమిషాలకు సొన జారుగా, 10కి కుదురుగా వస్తుంది. వెంటనే చన్నీళ్లలో వేయండి. సొన చుట్టూ కనబడే ఆకుపచ్చ వలయం ఎక్కువ ఉడికినందువల్లే.

ఇక రెండు గంటల సంగతి. పనులు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే అంతే పడుతుంది. వరస ఇలా మార్చండి: రాగానే బియ్యం నానబెట్టి, పప్పు పొయ్యి మీద పెట్టేయండి. అది ఉడికే 20 నిమిషాల్లో తరగడం మొత్తం పూర్తి కావాలి, మూకుడు ఎక్కించాక కత్తి పట్టుకోకూడదు. ఉల్లి మాడేది అప్పుడే. పప్పు దించిన పొయ్యి మీదికి అన్నం, రెండో పొయ్యి మీదికి కూర. అన్నం ఆపి మూతతో వదిలేసిన పదినిమిషాల్లో కూరకు ఉప్పు చూడటం, పప్పు మళ్లీ వేడిచేయడం. గంట సరిపోతుంది. మొదటి నెలలో కొత్త రెసిపీల వెంట పడకుండా ఇవే మూడు నాలుగు వంటలు తిప్పుతూ చేయండి. వారానికో కొత్తది చేర్చుకోవచ్చుగానీ, మార్చేది ఒక్కసారికి ఒక్కటే ఉండాలి.

మిగిలిన అన్నం రాత్రంతా గట్టు మీద వదలొద్దు. వండినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంత మాత్రమే బయటికి తీసి, పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచేయండి.

ఎసరు:

పై వరసలో ఒక చిన్న సవరణ. బియ్యం నానుతూ అరగంట దాటేలా ఉంటే అన్నానికి పోసే నీళ్లలో పావు గ్లాసు తగ్గించండి, లేకపోతే మళ్లీ చిమిడిపోతుంది.