ఆర్‌డీ మీద తీసుకున్న లోను కట్టకపోతే పోస్టాఫీసు వాళ్లు భూమి మీదికి వస్తారా?

ప్రశ్న (పరకాల వైపు ఒక ఊరి నుంచి)

పెద్దలకు నమస్కారం. మా బాపు 2021 అక్టోబరులో ఊరి పోస్టాఫీసులో నెలకు 2,000 రూపాయల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా కిస్తీ కట్టే ఐదేళ్ల పొదుపు) ఖాతా తెరిచి, పాల డబ్బుల్లోంచి కడుతూ వచ్చారు. 2024 అక్టోబరులో బోరు మోటారు కాలిపోయి కొత్తది బిగించాల్సి వచ్చినప్పుడు ఆ ఖాతా మీదే 35,000 రూపాయల లోను తీసుకున్నారు గానీ, అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి కట్టలేకపోయారు. ఈ అక్టోబరుతో ఖాతా గడువు తీరుతుంది. పోస్టాఫీసు బాకీ అంటే సర్కారు బాకీ అనీ, భూమి శిస్తులాగా వసూలు చేస్తారనీ ఊళ్లో ఎవరో చెప్పినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. లోను తీర్చడానికి డబ్బు కూడబెడుతూ రెండు నెలలుగా ఆర్‌డీ కిస్తీ కూడా ఆపేశారని, నిన్న ట్రంకు పెట్టెలోంచి పాస్‌బుక్కు తీసి చూస్తేనే నాకు తెలిసింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి ఈ జూన్‌లోనే కట్టేస్తానంటున్నారు. ఆయన్ను ఆపాలా?

జవాబు (హన్మకొండ, విశ్రాంత పోస్టల్ ఉద్యోగి)

తప్పకుండా ఆపండి. ఆర్‌డీ లోనుకు ఆ ఖాతాలోని సొమ్మే పూచీ. కనీసం ఏడాది నడిచి, పన్నెండు కిస్తీలు పడిన ఖాతాకే, అదీ నిల్వలో సగం వరకే లోను ఇస్తారు కాబట్టి, బాకీ ఎప్పుడూ మీ సొమ్ము లోపలే ఉంటుంది. గడువులోగా తీర్చకపోతే, ఖాతా ముగిసిన రోజు వచ్చే మొత్తంలోంచి అసలూ వడ్డీ మినహాయించుకొని మిగతాది ఖాతాదారుకు ఇస్తారు.

లోను వడ్డీ ఆ ఖాతా వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ. 2021 అక్టోబరులో తెరిచిన ఖాతాకు 5.8 శాతం కనుక లోనుకు 7.8 శాతం పడుతుంది. అంటే 35,000కు నెలకు 227 రూపాయల 50 పైసలు. బయట తేదలచిన 40,000కు నెలకు 800. చేతిలో సొంత డబ్బు ఉంటే ముందుగా తీర్చి వడ్డీ మిగుల్చుకోవచ్చు గానీ, 800 కట్టి 227 తప్పించుకోవడం ఇంటికి నష్టం. కిస్తీలన్నీ సక్రమంగా పడితే అక్టోబరులో వచ్చేది సుమారు 1,39,390 రూపాయలు. రెండేళ్ల వడ్డీతో లోను బాకీ 40,460 పోను, సుమారు 98,900 చేతికొస్తుంది.

నాకు ఆందోళన కలిగించేది లోను కాదు, ఆపేసిన కిస్తీలు. నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది, ఆ తర్వాత రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోకపోతే ఇక కట్టడానికి వీలుండదు. ఇప్పటికే రెండు తప్పాయి. తప్పిన ఒక్కో కిస్తీకి నూటికి రూపాయి చొప్పున, అంటే మీకు 20 రూపాయల అదనపు రుసుము పడుతుంది. అది చిన్న మొత్తమే, వెంటనే కట్టించండి.

జవాబు (నర్సంపేట, న్యాయవాది)

ఊళ్లో ఆ మాట చెప్పినవారు అబద్ధమాడలేదు, ఒక చోటి నిబంధనను మరో చోటికి తెచ్చారు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం, పోస్టాఫీసు సేవను వాడుకొని రుసుము చెల్లించనివారి నుంచి ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలాగా రాబట్టవచ్చు. ఉదాహరణకు, వరంగల్ కొత్తవాడ జంపఖానాలను పార్సిళ్లలో పంపిస్తూ నెలాఖరున బిల్లు కట్టే ఒప్పందం చేసుకున్న వ్యాపారి ఆ బిల్లు ఎగ్గొడితే ఈ నిబంధన వర్తిస్తుంది. మీ బాపు తీసుకున్నది తన పొదుపు మీద లోను. ఖాతా సొమ్ములోంచి మినహాయించుకోవడమే దాని వసూలు పద్ధతి. పట్టా పాసుబుక్కు గురించి భయపడనక్కర్లేదని ఆయనకు నిదానంగా చెప్పండి.

జవాబు (వరంగల్, ఆర్‌డీ ఏజెంటు)

అన్నా, ఒక్క మాట. కిస్తీ ఎవరి చేతికిచ్చినా అది పాస్‌బుక్కులో ఎక్కిందో లేదో చూసుకోండి. లోను బాకీ ఎంత ఉందో అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు బాపును వెంటబెట్టుకొని వెళ్లాను. తప్పిన రెండు కిస్తీలు, ఈ నెలది, అదనపు రుసుము కలిపి 6,040 రూపాయలు కట్టాం. బాకీ ఎంతని అడిగితే ఈ నెల వరకు 39,550 అని రాసిచ్చారు. ఇరవై నెలల వడ్డీ 4,550 అని ఇంట్లో మేం వేసుకున్న లెక్కతో అది సరిపోయింది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకొని, మడిచి పాస్‌బుక్కులో పెట్టుకున్నారు. వచ్చే దారిలోనే వడ్డీకి ఇస్తానన్నాయనకు డబ్బు వద్దని చెప్పారు. లోను కోసం దాచిన దాంట్లో మిగిలింది పత్తి విత్తనాలకు పెడతామన్నారు.