పసుపు నీళ్లలో కరగదు, కరిగితే నిలవదు: మీకూ ఇలాంటివి ఎదురయ్యాయా?

పెరటిమొక్క
మొన్న మా పాప తెల్ల యూనిఫాం మీద సాంబారు ఒలికింది. సబ్బు రాయగానే పసుపు మరక కాస్తా పారాణిలా ఎర్రబడింది. గాభరాపడి నాలుగుసార్లు ఉతికాను, పోలేదు. విసుగొచ్చి తడి చొక్కాని అలాగే డాబా మీద తీగకి పడేశాను. సాయంత్రం చూస్తే మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది!

అప్పటి నుంచి ఒకటే అనుమానం. ఎండకి ఇంత తేలిగ్గా ఎగిరిపోయేదాన్ని నేను గాజు సీసాలో పోసి వంటింటి కిటికీలో పెట్టుకున్నాను. రోజూ రాత్రి పసుపు నీళ్లు మరిగించి తాగుతున్నాను కూడా. గ్లాసు అడుగున మడ్డి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఒంటికి ఏమైనా అందుతోందా, లేక రంగు నీళ్లు తాగి పడుకుంటున్నానా?

ల్యాబ్‌కోటు
మీ చొక్కా మీద జరిగిందే మా ల్యాబ్‌లో జరిగి నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. హైదరాబాద్‌లో ఫార్ములేషన్, అంటే మందుని వాడుకునే రూపంలోకి తెచ్చే పని నాది.

పసుపుకి ఆ రంగు ఇచ్చేది కర్కుమిన్. మామూలు కొమ్ముల్లో 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, మేఘాలయ లకడాంగ్ రకంలో ఇంకా ఎక్కువ. మామూలు నీళ్లలో దాదాపు కరగదు. మీ గ్లాసులో మడ్డి ఎక్కువగా పసుపులోని పిండి, పీచే, కర్కుమిన్ కూడా దాంతోపాటే అడుగున ఉండిపోతుంది. ఆల్కహాల్‌లో, అసిటోన్‌లో చక్కగా కరుగుతుంది. క్షారంలో కూడా కరుగుతుంది, కానీ ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఇందుకే.

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో దీన్ని కరిగించమని నాకిచ్చారు. కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ వేశాను. చిక్కటి ఎర్ర ద్రావణం, ఒక్క రేణువు లేదు. సంబరపడిపోయాను. పదింటికి మెషిన్‌లో పెట్టి కర్కుమిన్ ఎంతుందో రీడింగ్ తీసి, టీ తాగొచ్చి మళ్లీ తీస్తే తగ్గింది. భోజనం అయ్యాక ఇంకా తగ్గింది. మెషిన్ పాడైందని సర్వీసు వాళ్లని పిలిపించాం. వాళ్లొచ్చి చూసి మెషిన్ బాగానే ఉందన్నారు. ఫ్లాస్కులో సరుకే చచ్చిపోతోంది.

1997లో వచ్చిన ఒక పరిశోధనలో లెక్క ఉంది. పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత, 7 దాటితే క్షారం వైపు) 7.2, 37 డిగ్రీల వేడి ఉన్న బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో, అరగంటకి దాదాపు 90 శాతం విచ్ఛిన్నమైపోయింది. మన రక్తం పీహెచ్ 7.4. అలాగని మరీ నిరాశ పడక్కర్లేదు. అదే పరిశోధనలో, 10 శాతం సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే తేట ద్రవం) ఉన్న ద్రవంలో గంటకి 20 శాతం లోపే పోయింది. ప్రొటీన్లు దాన్ని పట్టుకుని కాపాడతాయి.

మా బాధ ఎక్కడంటే, ఆమ్లంలో నిలుస్తుంది గానీ కరగదు, క్షారంలో కరుగుతుంది గానీ నిలవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీరు మాత్రం ముందు ఆ సీసాని కిటికీలోంచి తీసెయ్యండి. మేం వెలుతురుని ఆపే ముదురు గోధుమ రంగు అంబర్ ఫ్లాస్కులు వాడి, వాటికి పైన ఫాయిల్ కూడా చుడతాం.

దుగ్గిరాల_కొమ్ము
మరి మేం ఉడకబెట్టిన కొమ్ముల్ని కళ్లంలో పది పదిహేను రోజులు ఎండబెడతాం కదా. పసుపంతా ఎగిరిపోవాలిగా?

ల్యాబ్‌కోటు
కొమ్ము లోపలికి వెలుగు చేరదు బాబాయ్. పొడి కొట్టాకే అసలు గొడవ. నీళ్లలోనో నూనెలోనో కలిపి వెలుతురులో పెడితే మరీనూ.

రేగడి_రైతు
పసుపు సంగతి నాకు తెలియదు గానీ వేపతో నేను పడ్డ తిప్పలు ఇలాంటివే. మిర్చికి పురుగు పట్టిందని వేప నూనె కొన్నా. లీటరుకి 5 మి.లీ. లెక్కన నేరుగా డ్రమ్ములో పోసి కర్రతో తిప్పా. నీళ్లు కింద, నూనె పైన! మొదట కొట్టిన సాళ్లకి ఉత్త నీళ్లు పడ్డాయి, డ్రమ్ము అడుగుకొచ్చేసరికి ఉత్త నూనె. ఆఖరి నాలుగు సాళ్ల ఆకు మాడిపోయింది. అది కూడా పదకొండు గంటల ఎండలో కొట్టా. నూనె నకిలీదని కొట్టువాడితో పోట్లాడా కూడా.

తర్వాత మా ఊరి వ్యవసాయాధికారి వచ్చి చెప్పాడు. వేపలో పని చేసేది అజాడిరక్టిన్ అంట. ఎండకి తొందరగా చెడుతుంది, క్షారం ఎక్కువున్న నీళ్లలో కూడా నిలవదు. మా బోరు నీళ్లు సబ్బు నురగ కూడా రానివ్వని రకం. ఇప్పుడు ముందు చిన్న బకెట్‌లో నూనె, సబ్బు పొడి కలిపి, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా తిప్పి, ఆ తర్వాతే డ్రమ్ములో పోస్తా. సాయంత్రం నాలుగు దాటాకే కొడతా. కలిపింది కలిపినట్టు ఆ పూటే అవగొడతా. సబ్బులోనూ క్షారమే ఉంటుంది కదా, కలిపి ఉంచితే చెడిపోతుంది.

కల్వం_రోకలి
ఆయుర్వేద వైద్యుణ్ణి. రైతు అన్న ‘ఆ పూటే’ మాకూ ఉంది. కషాయం ఏ రోజుకారోజు కాచుకోమనేది ఊరికే కాదు, నీళ్లలో దిగిన సారం ఎక్కువసేపు నిలవదు. నిల్వ ఉండాలంటే అరిష్టమో ఆసవమో చేస్తారు. కషాయంలో (ఆసవానికైతే కాచకుండానే) బెల్లం, ధాతకీ పువ్వులు వేసి పులియబెడితే లోపలే ఆల్కహాల్ పుడుతుంది. నీళ్లకి లొంగనివి దానికి లొంగుతాయి, ద్రవం కూడా చెడకుండా ఉంటుంది. ఇక నీళ్లకి బొత్తిగా లొంగనివాటికి తైలం, ఘృతం (నూనెతో, నెయ్యితో చేసే మందులు) ఉన్నాయి.

పెరటిమొక్క గారూ, నీళ్లు మానేసి పాలల్లో వేసుకోండి. వెన్న తీయని పాలు. కొంచెం నెయ్యి వేస్తే ఇంకా మంచిది.

సందేహాల_రాంబాబు
మా తాతయ్య ఏ ఆకైనా, వేరైనా నాలుగో వంతుకి మరిగించాల్సిందే అనేవాడు. మరిగిస్తేనే కదా సారం దిగేది?

కల్వం_రోకలి
గట్టి వేళ్లకి, బెరడుకి సరే. అన్నిటికీ ఒకే మంత్రం పనికిరాదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ చూడండి. చైనాలో తూ యూయూ బృందం చింగ్‌హావ్ మొక్క నుంచి తీసిన సారం ఒకసారి పని చేసేది, ఒకసారి చేసేది కాదు. ఆవిడ నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసినదాన్ని మళ్లీ చదివింది. ఆయన మరిగించమనలేదు, నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. వేడే కొంప ముంచుతోందని ఆవిడకి అనుమానం వచ్చి, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో తీసిన 191వ నమూనా ఎలుకల్లో మలేరియాని పూర్తిగా తుడిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది.

వెల్లుల్లి కూడా అంతే. దంచితేనే అల్లిసిన్ పుడుతుంది, దంచగానే కాగే నూనెలో వేస్తే పుట్టించే ఎంజైమే చచ్చిపోతుంది. పది నిమిషాలు ఆగండి.

పెరటిమొక్క
మరి పసుపు పాలల్లో మిరియాలు వేయమంటారు. అవి కరిగిస్తాయా?

ల్యాబ్‌కోటు
కరిగించవు. మిరియాల్లోని పైపరిన్ చేసే పని వేరు. లివర్ కర్కుమిన్‌ని మార్చేసి బయటికి పంపించకుండా కాసేపు అడ్డుపడుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మనుషులకి 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మి.గ్రా. పైపరిన్ ఇచ్చి చూశారు. శరీరానికి అందింది 2000 శాతం పెరిగింది. అది విని అందరూ మిరియాలు, మిరియాలు అంటారు. విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో కనిపించిందే అంతంతమాత్రం, దానికి ఇరవై రెట్లు అనే మాట మాత్రం ప్రచారంలో ఉండదు.

పాలల్లో చిటికెడు వేసుకుంటే భయం లేదు. క్యాప్సూళ్లతో మాత్రం జాగ్రత్త. లివర్‌కి అడ్డుపడేది వేరే మందుల్ని కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉంచగలదు. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో హెపటైటిస్ కేసులు బయటపడితే, అక్కడి ప్రభుత్వం వాటి మీద హెచ్చరిక వేయించింది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు, లివర్, గాల్ బ్లాడర్ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు.

పెరటిమొక్క
సీసా అలమరలోకి వెళ్లిపోయింది. నిన్న ఊరుకోలేక ఒక పని చేశాను. రెండు గాజు గ్లాసుల్లో పసుపు నీళ్లలో చాకలి సోడా కలిపాను. రెండూ ఎర్రగా అయ్యాయి. ఒకదాంట్లో వెంటనే నిమ్మకాయ పిండితే బుస్సుమని పొంగి మళ్లీ పసుపు పచ్చగా అయ్యింది, పైగా మసకబారి మడ్డి దిగడం మొదలైంది. రెండోదాన్ని తెల్లారేదాకా ఉంచాను. పొద్దున్నకి ఎరుపు పోయి పాచి టీ రంగుకి తిరిగింది. అందులో రెండు నిమ్మకాయలు పిండినా పాత పసుపు రాలేదు. ల్యాబ్‌కోటు గారి ఫ్లాస్కు మా గట్టు మీద చూసినట్టుంది.

పులిహోరకి నిమ్మకాయలు లేవని ఇంట్లో గొడవవుతోంది, తర్వాత వస్తాను.