సంకరజాతి ఆవుకు పిడుదులు: జ్వరం రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆవు చెవుల లోపల, పొదుగు మొదట్లో ఆముదపు గింజంత పిడుదులు వేలాడుతున్నాయి. చేత్తో పీకి నలిపేస్తున్నా, వారం తిరిగేసరికి మళ్ళీ పడుతున్నాయి. పక్కింటివారి ఆవు జ్వరంతో చనిపోయినందున భయంగా ఉంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (పశువైద్యుడు): ముందుగా చేత్తో నలపడం మానండి. కొన్ని జాతుల పిడుదుల ద్వారా మనుషులకు క్రిమియన్ కాంగో జ్వరం సోకుతుంది. మన దేశంలో అది 2011లో గుజరాత్‌లో బయటపడింది. ఆవుకు థైలేరియాసిస్ (పిడుదుల ద్వారా సోకే జబ్బు) వస్తే జ్వరం 104 డిగ్రీలు దాటుతుంది, భుజం ముందున్న గ్రంథి వాచి చేతికి తగులుతుంది, నెమరు ఆగిపోతుంది. అప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. బుపార్వాక్వోన్ ఇంజెక్షను తొలి దశలో బాగా పనిచేస్తుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే అది బబేసియా (పిడుదుల ద్వారానే సోకే మరో జబ్బు) కావచ్చు, దానికి మందు వేరు.

జవాబు 2 (పాడి రైతు): మేము ఏళ్ల తరబడి ఆవు ఒంటికే మందు కొట్టి మోసపోయాము. రాత్రి టార్చి వేసి చూస్తే పాక గోడ పగుళ్లలో పిడుదులు గుంపులుగా కనిపించాయి, ఎందుకంటే అవి రక్తం తాగాక కిందికి రాలి అక్కడే గుడ్లు పెడతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి, పాకలోనూ మందు పిచికారీ చేశాకే బెడద తగ్గింది.

ప్రశ్న అడిగినవారు: పాలిచ్చే ఆవుకు ఏ మందైనా వాడవచ్చా?

జవాబు 1: వాడకూడదు. కొన్ని మందులు పాలలోకి దిగుతాయి కనుక డాక్టరు రాసినదే వాడండి. డెల్టామెత్రిన్ (పిడుదులను చంపే మందు) కలిపిన నీటిని చెరువు వైపు పారబోయకండి, చేపలు చనిపోతాయి.